ఛెనాపోడ లోపలిదాకా కాలాలంటే: ఇంట్లో గ్యాస్ రేంజ్, ఓవెన్ ముందుగా వేడి చేసే పద్ధతి

విరగ్గొట్టిన పాల ముద్దను (ఛెనాను) కాల్చి చేసే ఒడియా మిఠాయి ఛెనాపోడ పైన నల్లబడింది, కోసి చూస్తే మధ్యలో ఇంకా పచ్చి. కేకు ఒక పక్క పొంగింది, ఇంకో పక్క అణిగింది. బిస్కెట్లు అడుగున మాడాయి, పైన తెల్లగానే ఉన్నాయి. ఇలా జరిగినప్పుడు పిండిని, ఛెనాను, బేకింగ్ పౌడర్‌ను అనుమానిస్తాం. ముందుగా అనుమానించాల్సింది ఓవెన్ వేడిని. సరిగా కాగకముందే గిన్నె లోపల పెట్టేయడం, నాబ్ మీది అంకె చూసి కాగిందని నమ్మేయడం, ఈ రెండు పొరపాట్లే చాలా వంటలను పాడుచేస్తాయి.

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగు ఇళ్లలో రెండు రకాల ఓవెన్లు కనిపిస్తాయి. పైన నాలుగు బర్నర్లు, కింద గ్యాస్‌తోనే కాలే ఓవెన్ ఉన్న రేంజ్ ఒకటి. గట్టు మీద పెట్టుకునే కరెంటు ఓవెన్, అందరూ ఓటీజీ అనేది, రెండోది. రెండూ వేడెక్కే తీరు వేరు, రెండింట్లో వచ్చే ఇబ్బందులూ వేరు. మామూలు మైక్రోవేవ్ జోలికి ఇక్కడ పోవడం లేదు. దాన్ని ఖాళీగా తిప్పితే పాడవుతుంది, ముందుగా వేడి చేయడమన్న ప్రశ్నే దానికి లేదు.

గోడలు కాగాలి

దిబ్బరొట్టె కాల్చిన చేతికి ఈ సంగతి కొత్త కాదు. మందపాటి మూకుడు బాగా కాగాక పిండి వేసి, మూత మీద నిప్పులు పోస్తే పైనా కిందా ఎర్రగా కాలుతుంది. రజో పండక్కి ఒడియా ఇళ్లలో పొడపిఠా (బియ్యప్పిండి రొట్టె) కాల్చేదీ ఇలాగే. కింద సన్నని నిప్పు, మూత మీద నిప్పు, గంటలకొద్దీ ఓపిక. ఓవెన్ చేసే పనీ అదే, నిప్పుల బదులు దాని ఇనుప గోడలు సెగ ఇస్తాయి.

ఓవెన్ లోపలి గాలి తొందరగానే వేడెక్కుతుంది. వేడిని బట్టి రాడ్లను ఆపి వెలిగించే థర్మోస్టాట్‌కు తగిలేది ఎక్కువగా ఆ గాలే కాబట్టి, కాగిందని చెప్పే ఓవెన్ ముందరి చిన్న దీపం ఆరిపోతుంది. అప్పటికి గోడలు, జాలీ, తలుపు అద్దం ఇంకా పూర్తిగా కాగి ఉండవు. తలుపు తీయగానే వేడి గాలి బయటికి పోతుంది. గోడల్లో నిలవ వేడి ఉంటే కొత్తగా వచ్చిన గాలి వెంటనే కాగుతుంది. లేకపోతే ఉష్ణోగ్రత పడిపోతుంది, దాన్ని తిరిగి పైకి తేవడానికి రాడ్లు ఎర్రబడి చాలాసేపు ఆగకుండా కాలుతాయి. ఆ సెగ నేరుగా తగిలి గిన్నె పైభాగం మాడుతుంది, లోపల మాత్రం ఉడకదు. పైన నల్లగా, లోపల పచ్చిగా ఉన్న ఛెనాపోడకు మూలం ఇక్కడుంది.

అందుకే దీపం ఆరిన తర్వాత ఇంకో 8 నుంచి 10 నిమిషాలు ఖాళీగానే కాగనివ్వండి. ఆ వ్యవధిలో దీపం ఒకటి రెండుసార్లు వెలిగి ఆరుతుంది. రెండోసారి ఆరినప్పుడు గిన్నె పెట్టడం మంచి అలవాటు.

గ్యాసా, కరెంటా

కొత్తగా కొనేవాళ్లకు ఒక మాట. గోపాలపురం, ఛత్రపురం తీరం నుంచి గజపతి కొండల దాకా తుపాను తాకిడి ఉన్న ప్రాంతం ఇది. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిపోయాక గజపతి ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. వేసవి గాలివానలకు సాయంత్రం కరెంటు పోవడం మామూలే. కరెంటుతో పనిలేకుండా నడిచేది గ్యాస్ రేంజ్. అయితే అది చోటు తింటుంది, మామూలు రేంజ్ దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉంటుంది. పైగా దాని ఓవెన్ పెద్దది కాబట్టి కాగడానికి ఎక్కువ సమయం పడుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకు రెండు మూడుసార్లు కేకు, ఛెనాపోడ చేసుకోవడానికి 25 నుంచి 30 లీటర్ల ఓటీజీ సరిపోతుంది.

రుచిలోనూ తేడా ఉంది. కిలో గ్యాస్ మండితే సుమారు ఒకటిన్నర కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అందుకే గ్యాస్ ఓవెన్ లోపల చెమ్మ ఎక్కువ. ఛెనాపోడ, పొడపిఠా ఎండిపోకుండా మెత్తగా వస్తాయి. బిస్కెట్లు మాత్రం కరకరలాడాలంటే రెండు మూడు నిమిషాలు అదనంగా ఉంచాలి.

కొత్త ఓవెన్‌ను మొదటిసారి కాల్చడం

లోపలి అట్టలు, ప్లాస్టిక్ కాగితాలు, జాలీకి కట్టిన దారాలు అన్నీ తీయండి. ట్రేలు, జాలీలు సబ్బునీళ్లతో కడిగి తుడవండి. తర్వాత ఓవెన్‌ను ఖాళీగా 200 నుంచి 220 డిగ్రీల మధ్య 20 నిమిషాలు కాల్చండి. రాడ్లకు, రేకులకు కంపెనీలో పూసిన నూనె మండి పొగ, వాసన వస్తాయి. కిటికీలు తెరిచి ఉంచండి, పసిపిల్లలను వంటింట్లోకి రానివ్వకండి. చల్లారాక తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. ఈ పని మానేస్తే మొదటి మూడు నాలుగు వంటలకూ ఆ వాసనే పడుతుంది.

రేంజ్ కొన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వెడల్పాటి పళ్లెంలో అర అంగుళం నీళ్లు పోసి ఓవెన్ జాలీ మధ్యలో పెట్టండి. నీళ్లు ఒక పక్కకు ఒరిగితే రేంజ్ సమంగా లేదని అర్థం. కాళ్ల కింద ఉండే మరలను తిప్పి సరిచేయండి. కేకు ఎప్పుడూ ఒకే పక్క లావుగా వస్తుంటే తరచుగా కారణం ఇదే. పాత ఇళ్లలో గచ్చు నీళ్లు పారడానికి వాలుగా వేసి ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి.

గ్యాస్ రేంజ్: పైపు, సిలిండర్

14.2 కిలోల ఇంటి సిలిండర్, మామూలు ఇంటి రెగ్యులేటర్ రేంజ్‌కు సరిపోతాయి. హోటళ్లలో వాడే ఎక్కువ ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించకూడదు. మంట పొడవుగా లేచి ఓవెన్ లోపల మసి కడుతుంది, ప్రమాదం కూడా. సిలిండర్ నిటారుగా, గాలి ఆడే చోట, నేల మీదే ఉండాలి.

మామూలు పొయ్యి కన్నా రేంజ్‌కు అదనంగా ఉన్న చిక్కు పైపు దగ్గర ఉంది. గ్యాస్ అందే చోటు రేంజ్ వెనక ఉంటుంది, ఓవెన్ కాలేటప్పుడు ఆ వెనక రేకు బాగా వేడెక్కుతుంది. పైపు ఆ రేకుకు తగలకుండా పక్క నుంచి బయటికి రావాలి. గోడకూ రేంజ్‌కూ మధ్య నలగకూడదు. లోపల తీగ అల్లిన సురక్షా పైపే వాడండి, ఒకటిన్నర మీటర్ల కన్నా పొడవు పెట్టవద్దు, అయిదేళ్లకోసారి మార్చండి. సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం కొత్త పైపు వేసిన రోజే కాకుండా సిలిండర్ మార్చిన ప్రతిసారీ చేయండి.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ వేయవద్దు, ఆపవద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు, గుమ్మం తలుపు కూడా తీయాలి.

గ్యాస్ ఓవెన్ వెలిగించే క్రమం

1. రేంజ్ పైన గాజు మూత ఉంటే పూర్తిగా పైకెత్తండి. మూసి ఉండగా ఓవెన్ వేడికి గాజు పగలవచ్చు.

2. ఓవెన్ తలుపు బార్లా తీయండి. మూసిన తలుపు వెనక గ్యాస్ వదిలి తర్వాత అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమని ముఖం మీదికి వస్తుంది. వెలిగించేటప్పుడు పక్కగా నిలబడండి, బర్నర్ కన్నం మీదికి వంగవద్దు.

3. లోపల దాచిన పెనాలు, మూకుళ్లు అన్నీ బయటికి తీయండి. జాలీని వంటకు తగిన అరలో ఇప్పుడే పెట్టండి. కాగిన జాలీని మార్చబోతే చేయి కాలుతుంది, వేడీ పోతుంది.

4. నాబ్ లోపలికి నొక్కి, ఎక్కువ మంట వైపు తిప్పి, ఆటో బటన్ నొక్కండి. అది లేకపోతే పొడవాటి లైటర్ లేదా అగ్గిపుల్ల అడుగు రేకులోని కన్నం దగ్గర ముందే పట్టుకుని అప్పుడు నాబ్ తిప్పండి. నిప్పు ముందు, గ్యాస్ తర్వాత.

5. మంట అంటుకున్నాక నాబ్‌ను 10 నుంచి 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. మంట ఆరితే గ్యాస్ తానే ఆగిపోయే ఏర్పాటు లోపల ఉంటుంది. దాని కొన వేడెక్కేదాకా అది తెరుచుకుని నిలవదు. చేయి తీయగానే మంట ఆరిపోతోందంటే తొందరగా వదిలారన్నమాట. 20 సెకన్లు పట్టుకున్నా నిలవకపోతే ఆ కొనకు మసి పట్టిందో, పక్కకు జరిగిందో చూపించుకోవాలి.

6. 15 సెకన్లలో అంటుకోకపోతే నాబ్ కట్టేయండి. తలుపు తెరిచే ఉంచి అయిదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. వెంటవెంటనే నొక్కడం మంచిది కాదు, బరువైన గ్యాస్ ఓవెన్ అడుగున పేరుకుంటుంది.

7. మంట చుట్టూ సమంగా, నీలంగా ఉందో లేదో ఒక నిమిషం చూసి తలుపు నెమ్మదిగా మూయండి. దబాలున మూస్తే ఆ గాలికి మంట ఆరిపోవచ్చు. మూశాక అద్దంలోంచి మరోసారి చూడండి.

మంట పసుపుగా ఉండి గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్‌కు గాలి సరిగా అందడం లేదు. చల్లారాక అడుగు రేకు తీసి, బర్నర్ కన్నాలను సూదితో, పాత టూత్ బ్రష్షుతో శుభ్రం చేయండి. కొబ్బరిపీచు ముక్కలు, చీమలు, బొద్దింక గుడ్లు ఇరుక్కుని ఉండటం మామూలే. గాలి రేకు సర్దడం తెలియకపోతే మెకానిక్‌కే వదిలేయండి.

ఎంతసేపు కాగాలి? ఎక్కువ మంట మీద మొదలుపెట్టి 180 డిగ్రీలకు 20 నిమిషాలు, 220కి 25 నుంచి 30 నిమిషాలు. ఓవెన్ కాగుతున్నంతసేపూ పైన నాలుగు బర్నర్లూ వెలిగించి పెట్టుకుంటే ఆలస్యమవుతుంది. సిలిండర్ అడుగంటినప్పుడూ అంతే. కోరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు, జనవరి రాత్రులు ఎముకలు కొరికే చలి. ఆ చలికి సిలిండర్‌లో ద్రవం తొందరగా ఆవిరిగా మారదు, ప్రెషర్ పడిపోయి మంట సన్నబడుతుంది. మిగతా బర్నర్లు ఆపి, ఓవెన్‌కు ఇంకో 10 నిమిషాలు ఇవ్వండి. సిలిండర్ మీద మరిగే నీళ్లు పోయడం, పక్కన కుంపటి పెట్టడం లాంటివి ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

కరెంటు ఓవెన్: ప్లగ్గు, వోల్టేజీ

1500 వాట్ల ఓటీజీ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, 2000 వాట్లది దాదాపు 9 ఆంపియర్లు. ఫోను చార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. దానికి ఎడాప్టర్ తగిలించి ఓవెన్ పెడితే సాకెట్ కరిగి నల్లబడుతుంది. పెద్ద కన్నాల 16 ఆంపియర్ల సాకెట్, దానికి సరైన ఎర్తు ఉండాలి. ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తు లేదు, వాడటం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కూ, ఇంట్లో ఇన్వర్టర్ లైనుకూ తగిలించవద్దు, అవి ఈ బరువు మోయలేవు. వెనక, పక్కల నాలుగైదు అంగుళాల ఖాళీ వదలండి, పైన ఏమీ పెట్టవద్దు.

ఇక అసలు ఇబ్బంది వోల్టేజీ. లైను చివర ఉన్న ఊళ్లలో సాయంత్రం అందరూ దీపాలు, మోటార్లు వేసేసరికి వోల్టేజీ పడిపోతుంది. రాడ్ ఇచ్చే వేడి వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకన్నా వేగంగా తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లు ఇచ్చే ఓవెన్ 200 దగ్గర సుమారు 1130, 180 దగ్గర సుమారు 920 వాట్లే ఇస్తుంది. గోడల నుంచి బయటికి పోయే వేడి మాత్రం ఏమీ తగ్గదు. కాబట్టి 15 నిమిషాల్లో కాగాల్సిన ఓవెన్‌కు అరగంట పట్టవచ్చు. 230 డిగ్రీలు పెట్టినా అక్కడిదాకా ఎక్కకపోవచ్చు కూడా. వంటల పుస్తకంలో 15 నిమిషాలని ఉంది కదా అని గిన్నె పెట్టేస్తే ఇక్కడే దెబ్బ తింటాం.

ఇంట్లో అంకెలు చూపించే స్టెబిలైజర్ ఉంటే, లోపలికి వచ్చే వోల్టేజీని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒక వారం చూసి రాసుకోండి. మీ వీధి తీరు తెలిసిపోతుంది. బ్రెడ్డు, పిజ్జా లాంటి ఎక్కువ వేడి పనులు మధ్యాహ్నం పెట్టుకోండి. రాత్రి తప్పకపోతే గడియారాన్ని వదిలేసి దీపాన్ని నమ్మండి. దీపం ఒక్కసారి కూడా ఆరలేదంటే ఓవెన్ ఇంకా కాగలేదు.

ఓటీజీ కాగబెట్టడం ఇలా:

ఎలిమెంట్ నాబ్‌ను పైన, కింద రాడ్లు రెండూ వెలిగేలా పెట్టండి. ఫ్యాన్ ఉంటే వేయండి. ఉష్ణోగ్రత నాబ్ కావలసిన అంకె మీదికి తిప్పండి. తొందరగా కాగుతుందని 250 మీద పెట్టి తర్వాత తగ్గించే అలవాటు వద్దు, పైరేకు ఎక్కువ కాగి కేకు నెత్తి పగులుతుంది. టైమర్‌ను కాగే సమయం, వంట సమయం రెండూ కలిపి తిప్పండి. చాలామంది 15 నిమిషాలే తిప్పి గిన్నె పెట్టేలోపు అది గంట కొట్టి ఆగిపోతుంది, చూసుకోరు. చిన్న అంకెలకు తిప్పాలంటే ముందు 20 దాటించి వెనక్కి తేవాలి, లేకపోతే కొన్ని టైమర్లలో గంట మోగదు. మామూలు వోల్టేజీలో 25 లీటర్ల ఓవెన్ 180 డిగ్రీలకు 12 నుంచి 15 నిమిషాలు, 40 లీటర్లది 15 నుంచి 20 నిమిషాలు తీసుకుంటుంది. దీపం ఆరాక 8 నిమిషాలు అదనమన్న సంగతి ఇక్కడా వర్తిస్తుంది. వంట సమయంలో ఫ్యాన్ నడిపేటట్టయితే పుస్తకంలో చెప్పిన వేడి కన్నా 20 డిగ్రీలు తగ్గించండి.

నాబ్ నిజం చెబుతోందా

నాబ్ మీద 180 అని ఉన్నా లోపల 160 ఉండవచ్చు, 200 ఉండవచ్చు. ఓవెన్ లోపల నిలబెట్టే చిన్న ముల్లు థర్మామీటర్ కొనుక్కోవడం ఈ పనిలో పెట్టే ఖర్చులన్నిటిలోకీ తెలివైనది. జాలీ మధ్యలో పెట్టి, 25 నిమిషాలు కాగాక, అయిదేసి నిమిషాలకు నాలుగుసార్లు అద్దంలోంచి చూసి సగటు తీయండి. 10, 15 డిగ్రీలు పైకీ కిందికీ ఆడటం సహజం. సగటు 20 తక్కువ ఉంటే, ఇకపై నాబ్‌ను 20 ఎక్కువ పెట్టండి. ఆ అంకె ఒక చీటీ మీద రాసి ఓవెన్ పక్కన గోడకు అంటించండి. మీ రేంజ్ నాబ్ మీద డిగ్రీలు లేకుండా 1 నుంచి 8 దాకా అంకెలే ఉంటే థర్మామీటర్ లేకుండా పని జరగదు. ఒక్కో కంపెనీ అంకెకు ఒక్కో అర్థం ఉంటుంది.

థర్మామీటర్ దొరకకపోతే పంచదార పరీక్ష ఉంది. పంచదార సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అల్యూమినియం రేకును చిన్న దొన్నెలా మడిచి చెంచాడు పంచదార వేయండి. బాగా కాగిన ఓవెన్‌లో 175 మీద 15 నిమిషాలు ఉంచండి. కరగకూడదు. కరిగితే మీ ఓవెన్ చెప్పేదాని కన్నా వేడి. తర్వాత కొత్త పంచదారతో 190 మీద 15 నిమిషాలు. ఇప్పుడు కరగాలి. కరగకపోతే మీది చల్లటి ఓవెన్.

ఏ మూల ఎక్కువ కాలుతుందో చూడాలంటే జాలీ నిండా బ్రెడ్డు ముక్కలు పరిచి 180లో 10 నిమిషాలు ఉంచండి. ఎక్కువగా ఎర్రబడిన ముక్కలున్న చోటే మీ ఓవెన్‌కు మంట ఎక్కువ. చాలావాటికి అది వెనక మూల. బిస్కెట్ల ట్రేను సగం సమయం దాటాక ముందువెనకలు తిప్పి పెట్టాల్సింది అందుకే.

ఎక్కడ పెట్టాలి, దేంట్లో పెట్టాలి

జాలీని కాదు, గిన్నె నడుమును ఓవెన్ మధ్యకు తేవాలి. ఎత్తయిన కేకు గిన్నెకు జాలీ కింది అరలో, బిస్కెట్ల ట్రేకు మధ్య అరలో ఉండాలి. గిన్నెకూ గోడలకూ మధ్య అన్ని వైపులా రెండు వేళ్ల సందు లేకపోతే వేడి తిరగదు. చిన్న ఓటీజీలో ఉన్నంత వెడల్పూ ట్రే పెట్టేయడం వల్లే అడుగు మాడి పైన తెల్లగా ఉండిపోతుంది. ఓవెన్ అడుగున అల్యూమినియం రేకు పరవవద్దు. కారిన మరకలు పడతాయనుకుంటే కింద అరలో ఖాళీ ట్రే పెట్టండి.

తెల్లటి అల్యూమినియం టిన్ను సమంగా కాలుస్తుంది. నల్లపూత టిన్ను, గాజు గిన్నె అయితే 10 నుంచి 15 డిగ్రీలు తగ్గించండి. ఇంట్లో ఉండే స్టీలు గిన్నె వేడిని సరిగా పంచదు, కేకుకు పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నెను నేరుగా కాగిన ఓవెన్‌లో పెడితే పగులుతుంది.

ఛెనాపోడ మీద మొత్తం క్రమం

నయాగఢ్ జిల్లా దసపల్లా దీని పుట్టిల్లని చెబుతారు. అక్కడ సాలాకుల్లో (సాల చెట్టు ఆకుల్లో) చుట్టి బొగ్గుల సెగ మీద గంటలకొద్దీ కాలుస్తారు. ఇంటి ఓవెన్‌లో గంటలో అవుతుంది, కానీ ముందు వేడి సరిగా ఉండాలి.

3 లీటర్ల ఆవుపాలు కాచి, మంట ఆపి రెండు నిమిషాలు ఆగి, రెండు మూడు నిమ్మకాయల రసం కొద్దికొద్దిగా పోస్తూ విరగ్గొట్టండి. గుడ్డలో కట్టి అరగంట వేలాడదీస్తే సుమారు అరకిలో ఛెనా వస్తుంది. నీళ్లన్నీ పోయేలా గట్టిగా పిండేయవద్దు, పట్టుకుంటే చేతికి చెమ్మ తగలాలి. 150 గ్రాముల పంచదార, రెండు పెద్ద చెంచాల బొంబాయి రవ్వ, చెంచా నెయ్యి, నాలుగు యాలకులు వేసి అరచేతి అడుగుతో 8 నిమిషాలు మెదపండి. పంచదార కరిగి కాస్త జారుగా అవుతుంది. పలాస జీడిపప్పు, కిస్‌మిస్ కలపండి.

ఓవెన్‌ను ఛెనా మెదపడం మొదలుపెట్టేటప్పుడే వెలిగించండి. కాగేసరికి ముద్ద సిద్ధంగా ఉంటుంది. 7 అంగుళాల టిన్నుకు నెయ్యి రాసి అరిటాకు పరచండి. సాలాకు దొరికితే అదే వేయండి, ఆ వాసన మరి దేనికీ రాదు. ముద్ద సర్ది, 180 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి తలుపు వెంటనే మూయండి. మొదటి 35 నిమిషాలు తలుపు తీయవద్దు. అప్పటికే పైన బాగా ముదురు రంగు వస్తే అల్యూమినియం రేకు కప్పండి. 50 నుంచి 60 నిమిషాలకు చాకు గుచ్చితే పాలలాంటి తడి లేకుండా రావాలి. చివర 5 నిమిషాలు పైరాడ్ ఒక్కటే వెలిగిస్తే ఆ ముదురు గోధుమరంగు చర్మం వస్తుంది. టిన్నులోనే గంటసేపు చల్లారాక తీయండి, వేడిమీద కోస్తే విరిగిపోతుంది.

మధ్యలో కరెంటు పోతే తలుపు తీయవద్దు. బాగా కాగిన గోడలు పది నిమిషాలు ఆదుకుంటాయి. ఛెనాపోడ తట్టుకుంటుంది, పోయిన సమయానికి కాస్త కలిపి కాల్చుకుంటే సరి. కేకు మొదటి 20 నిమిషాల్లో కరెంటు పోతే మాత్రం నడుం కుంగుతుంది, దాన్ని కాపాడే మార్గం లేదు.

పొడపిఠాకు 200లో కాగబెట్టి, పెట్టిన 15 నిమిషాలకు 170కి దించి గంటపైగా ఉంచండి. మిగతావాటి లెక్క ఇది: కేకు 170 నుంచి 180, 35 నుంచి 40 నిమిషాలు, బిస్కెట్లు 160 నుంచి 170, 12 నుంచి 15 నిమిషాలు, బ్రెడ్డు 200 నుంచి 220, అరగంట, జీడిపప్పు వేయించడానికి 150, 12 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. పిజ్జాకు ఓవెన్ ఇచ్చే గరిష్ఠ వేడిలో అరగంట, ట్రేను కూడా లోపలే ఉంచి కాగబెట్టాలి. పల్లీలు వేయించడానికి, దుంపలు కాల్చడానికి, చల్లారినవి వేడి చేయడానికి ముందుగా కాగబెట్టనక్కర్లేదు. కరెంటు, గ్యాస్ దండగ.

తప్పు ఎక్కడుందో చూసుకోవడం

నెత్తి పగిలిన కేకు: వేడి ఎక్కువ, లేదా పైరాడ్‌కు దగ్గరైంది. ఒక అర కిందికి దించి 10 డిగ్రీలు తగ్గించండి. నడుం కుంగిన కేకు: చల్లటి ఓవెన్‌లో పెట్టారు, లేదా తొందరపడి తలుపు తీశారు. అడుగు మాడి పైన తెల్లన: కిందిరాడ్ ఒక్కటే వెలిగి ఉంది, లేదా ట్రే మరీ వెడల్పు. బిస్కెట్లు పరుచుకుపోయి ఒకదానికొకటి అంటుకున్నాయి: ఓవెన్ కాగలేదు, పిండి గట్టిపడేలోపే వెన్న కరిగిపోయింది. ఎంతసేపు ఉంచినా రంగు రావడం లేదు: వోల్టేజీ, లేదా రాడ్లలో ఒకటి పోయింది. చీకటిలో వెలిగించి చూస్తే ఏది ఎర్రబడటం లేదో తెలుస్తుంది. తలుపు అంచుల్లోంచి ఆవిరి చిమ్ముతుంటే రబ్బరు పట్టీ వదులైంది. మధ్యలో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే పట్టీ మార్చాలి.

వంట అయ్యాక

నాబులన్నీ సున్నాకు తెచ్చి, ఓటీజీకి ప్లగ్గు తీయండి. రేంజ్ అయితే నాబ్ ఆపాక రెగ్యులేటర్ కూడా కట్టేయండి. తెరిచిన తలుపు మీద బరువైన గిన్నె ఆనించవద్దు, పిల్లలను ఆనుకోనివ్వవద్దు. రేంజ్ ముందుకు ఒరిగితే పైన ఉన్న సాంబారు గిన్నె కూడా వచ్చి పడుతుంది. గిన్నె దించడానికి పొడి గుడ్డే వాడండి, తడిగుడ్డలోని నీరు ఆవిరై చేయి కాల్చేస్తుంది.

గోరువెచ్చగా ఉన్నప్పుడే తుడిస్తే మరకలు సులువుగా పోతాయి. పంచదార పాకం కారి గట్టిపడితే వేడినీళ్ల గిన్నె లోపల పెట్టి తలుపు మూసి పావుగంట నానబెట్టండి. వంటసోడా ముద్ద రాసి తుడవండి. రాడ్ల మీద, అద్దం మీద స్టీలు పీచు వాడవద్దు. బరంపురం, గోపాలపురం వైపు ఉప్పుగాలికి జాలీలు, మరలు తుప్పు పడతాయి. కడిగిన జాలీని తుడిచి, ఓవెన్‌లోనే మిగిలిన వేడికి ఆరబెట్టి, పూర్తిగా చల్లారేదాకా తలుపును రెండు వేళ్ల సందుతో వదిలేయండి.